జీతం బత్తెం లేని మాట

మొన్న దసరాకు ముందు ఒక సంఘం వారు మా ఇంటికి వచ్చారు. పేరెందుకు లెండి, మంచివాళ్లే. "మీలాంటి రచయిత్రి మా మధ్య ఉండటం మా అదృష్టమండీ" అంటూ మొదలుపెట్టారు. ఆ మాట చెవిన పడగానే నేను జాగ్రత్త పడాల్సింది. పడలేదు. పొగడ్తకి పడిపోని రచయిత్రి ఇంకా పుట్టలేదనుకుంటాను.

విషయం ఏమిటంటే, వాళ్లకో సావనీరు వెయ్యాలి. నూట ఇరవై పేజీలు. వచ్చిన వ్యాసాలు దిద్దాలి, రానివాళ్ల వెంటపడి రాయించాలి, అప్పటికీ రాయనివాళ్ల పేరు మీద మనమే రాయాలి, ప్రూఫులు చూడాలి. పారితోషికం అన్న మాట నా నోటి చివరిదాకా వచ్చింది. ఈలోగా వాళ్లలో పెద్దాయన అందుకున్నారు. "మీకు డబ్బివ్వడమంటే మిమ్మల్ని అవమానించినట్టేనండీ!" అన్నారు. ఆ అవమానం భరించడానికి నేను సిద్ధంగానే ఉన్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆడవాళ్లకి, అందులోనూ చదువుకున్న ఆడవాళ్లకి, డబ్బడగడం దగ్గర నోరు పెగలకుండా ఎవరో చిన్నప్పుడే పోసిన మందు ఏదో ఉంది.

నెలన్నర పట్టింది. పొయ్యి మీద పప్పు, పక్కన ప్రూఫులు. పప్పు రెండుసార్లు మాడింది. సావనీరు మాత్రం మాడకుండా వచ్చింది. మొదటి పేజీలో నా పేరు కింద 'గౌరవ సంపాదకురాలు' అని అచ్చేశారు. మావారు ఆ పేజీ చూసి, "బావుంది. గౌరవం వాళ్లకీ, సంపాదకత్వం నీకూ" అన్నారు.

ఆ కోపంలోనే కూరల కోసం బయటికి వెళ్లాను. మేం ఉండేది అబ్దుల్లాపూర్‌మెట్‌లో. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటి వస్తే మా ఊరు. ఇవాళ ఇంజనీరింగు కాలేజీలూ, ప్లాట్ల బోర్డులూ, మధ్యలో ఇంకా చావని కొన్ని పొలాలూ. రోడ్డువార మనవడి కూరల బండి దగ్గర ఒక అవ్వ కూర్చుని ఉంటుంది. పుంటికూర కట్టలు కట్టడం ఆవిడ పని. పోలీసు యాక్షన్ నాటికి తనకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో అంటుంది. ఆ లెక్కన ఎనభై అయిదు దాటిందన్నమాట. కన్ను సరిగా ఆనకపోయినా నాలుకకు మాత్రం ఏ లోపమూ లేదు.

"ఏంది బిడ్డా, మొఖం అట్ల వెట్టుకున్నవ్?" అనడిగింది. నేను సంగతంతా చెప్పి, "నెలన్నర వెట్టిచాకిరి చేశాననుకో అవ్వా" అన్నాను.

అవ్వ నవ్వింది. పళ్లు లేని నవ్వు.

"వెట్టంటే నీకేమెరుక బిడ్డా! కుర్సీల కూసోని రాసినవ్. చెయ్యనంటే నిన్నెవ్వలన్న కొడ్తుండెనా?"

నాకు చప్పున జవాబు తోచలేదు. అవ్వ కట్టలు కడుతూనే చెప్పుకుపోయింది. వాళ్ల నాయన ఊళ్లో బేగరి. గిర్దావరు వచ్చాడంటే ఆయన పరుపు, లాంతరు, వంట సామాను నెత్తిన పెట్టుకుని తర్వాతి ఊరి శివారు దాకా మొయ్యాలి. అక్కడ ఆ ఊరివాడు అందుకుంటాడు. అందుకునేవాడు సమయానికి రాకపోతే ఇంకా ముందుకు పోవలసిందే.

"ఇంటికాడ నాట్లున్నయంటే ఎవలికి గావాలె? అమ్మకు జరమొచ్చిందంటే ఎవలికి గావాలె?"

"డబ్బులేమన్నా ఇచ్చేవాళ్లా అవ్వా?"

"పైసలా! తిట్టకుంటే అదే ఇనాము." కాసేపాగి, "మా నాయినకు మంచి పేరుండె బిడ్డా. ఎవ్వలు పిలిశిన్రు! అరేయ్ బేగరోడా అనుడే" అంది.

రెండు పుంటికూర కట్టలు తీసుకుని ఇంటికొచ్చాను గానీ మనసు అక్కడే ఉండిపోయింది. మనం రోజుకి పదిసార్లు వాడే మాట. అంట్లు ఎక్కువైతే వెట్టిచాకిరి, ఆఫీసులో ఆలస్యమైతే వెట్టిచాకిరి, పిల్లాడి హోంవర్కు మనం చేసిపెడితే వెట్టిచాకిరి. ఎక్కడి నుంచి వచ్చిందీ మాట? నవలలు రాసేవాళ్లకి ఇలాంటి దురద పుడితే ఊరుకోలేం. నిఘంటువులూ, చరిత్ర పుస్తకాలూ ముందేసుకు కూర్చున్నాను. దీనికీ పారితోషికం లేదు, అది వేరే సంగతి.

వెట్టికి తల్లి సంస్కృతంలో 'విష్టి'. కూలి ఇవ్వకుండా రాజు చేయించుకునే పని అని అర్థం. ప్రాకృతంలో నలిగి అది మనకు వెట్టి అయింది. తమిళులకూ వెట్టే. కన్నడిగులకు బిట్టి, మరాఠీవాళ్లకు వేఠ్, ఒరియావాళ్లకు బెఠి. ఇన్ని భాషల్లో ఇంత దగ్గరగా ఉన్నాయంటే, ఆ పని ఎంతమంది వీపుల మీదుగా నడిచి వచ్చిందో ఊహించుకోండి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో విష్టివాళ్లు చేయాల్సిన పనులున్నాయి. సేన కోసం దారులు, వంతెనలు బాగుచెయ్యాలి, బావులు చూడాలి, ఆయుధాలు, కవచాలు, తిండి సామాను మొయ్యాలి, యుద్ధంలో గాయపడ్డవాళ్లను తీసుకురావాలి. చదువుతుంటే గిర్దావరు పరుపే కళ్లముందు మెదిలింది. బరువు మారింది గానీ నెత్తి మారలేదు.

ఇంకో సంగతి చూశారూ... గుజరాత్‌లో గిర్నార్ కొండ దగ్గర క్రీస్తుశకం 150 ప్రాంతంలో రుద్రదాముడనే శకరాజు వేయించిన శాసనం ఉంది. తెగిపోయిన సుదర్శన తటాకం కట్టను తాను బాగుచేయించాననీ, అందుకోసం ప్రజల్ని పన్నులతోనూ విష్టితోనూ బలవంతపు కానుకలతోనూ పీడించకుండా తన బొక్కసంలోంచే ఖర్చు పెట్టాననీ అందులో గొప్పగా చెప్పుకున్నాడు. మంచి రాజే, కాదనను. కానీ మనిషి దేని గురించి గొప్ప చెప్పుకుంటాడు? లోకంలో అందరూ చేసే తప్పు తాను చెయ్యనప్పుడే కదా! తక్కిన చెరువు కట్టలన్నీ ఎలా లేచాయో ఆ గొప్పలోనే తెలిసిపోతోంది. తమిళ దేశంలో చోళుల శాసనాలు చూస్తే పన్నుల పేర్ల మధ్య వెట్టి మాటిమాటికీ కనబడుతుంది. అంటే డబ్బు, ధాన్యం, ఒళ్లు... ఇవి మూడూ ఒకే పద్దులో రాసుకునే ఆదాయాలన్నమాట.

అన్నట్టు, పంచాంగంలో కూడా విష్టి ఉంది. కరణాల్లో విష్టి కరణం, భద్ర అని కూడా అంటారు. శుభకార్యాలకు పనికిరాదని వదిలేస్తారు. మా తాతగారు ఊరి కరణం. ఈ రెండు కరణాల సంగతి కాసేపట్లో చెబుతాను.

ఇక రెండో సగం, చాకిరి. అది పారశీకం. చాకర్ అంటే సేవకుడు. సంస్కృతం నుంచి దిగివచ్చిన వెట్టికి సుల్తానుల దర్బారులోంచి వచ్చిన చాకిరీని జోడించి మనవాళ్లు వెట్టిచాకిరి చేశారు. మరాఠీవాళ్లు కూడా సరిగ్గా ఇలాగే వేఠ్‌కి పారశీకపు బేగార్‌ని కలిపి వేఠ్‌బిగార్ అంటారు. రాజ్యాలు మారినప్పుడల్లా పాత మాటకు కొత్త మాట తోకలా తగిలింది. పని మాత్రం అదే. ఆ బేగార్‌లోంచే మా అవ్వ నాయన కొలువుకు పేరొచ్చింది. బేగరి. ఊరి కబురు మొయ్యడం, అధికారి సామాను మొయ్యడం, చచ్చినవాళ్లకు గుంత తవ్వడం వాళ్ల వంతు. ఇప్పుడది మా చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు ఇంటిపేరు. ఆ ఇంటిపేరుతో డాక్టర్లున్నారు, మేష్టార్లున్నారు.

నిజాం రాజ్యంలో వెట్టి ఏ ఒక్క కులానికో పరిమితం కాలేదు. చాకలి బట్టలుతికి, దొర గడీలో పిండి రుబ్బాలి. కుమ్మరి కుండలివ్వాలి. మంగలి, కమ్మరి, వడ్రంగి ఎవరి పనిముట్టుతో వాళ్లు హాజరు కావాలి. గొల్లలు మందలోంచి గొర్రెనివ్వాలి. గౌండ్లవాళ్లు కల్లు పొయ్యాలి, దొర కోసం కొన్ని చెట్లు వదిలెయ్యాలి. ఊళ్లోకి అధికారి వస్తే కోమటి దుకాణంలోంచి నెయ్యి, బియ్యం, పప్పు నడిచి వెళ్లిపోవాలి. రైతు తన పొలంలో నాగలి పెట్టాలంటే ముందు దొర పొలం దున్నడం అయిపోవాలి. దొర బండి కదిలితే మాల మాదిగలు ముందూ వెనకా పరుగెత్తాలి. ఎద్దులు పరుగెత్తే బండికి మనుషులెందుకు పరుగెత్తాలీ అని అడగకండి. పరుగెత్తించగలనని చూపించుకోవడమే అందులో ఉపయోగం. ఇక ఆడబాపల సంగతి. దొర కూతురికి పెళ్లయితే సారెతో పాటు ఒక పేదింటి పిల్లను కూడా పంపేవారు, జీవితాంతం ఆ ఇంట్లో పడి ఉండటానికి. రాగి బిందె, పట్టుచీర, పిల్ల. దీన్ని గురించి ఇంతకంటే రాయలేను.

నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో ఇదంతా దొరల పేరుతో నడిస్తే, నగరం చుట్టుపక్కల ఊళ్లు చాలామటుకు సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత జాగీరు. 1949లో అది ప్రభుత్వంలో కలిసేదాకా అంతే. మా అవ్వ వాళ్లకి గడీ దొర కన్నా గిర్దావరే ఎక్కువ గుర్తుండటానికి ఇదే కారణం కావచ్చు.

ఎవరూ ఊరుకోలేదు లెండి. 1921 జనవరిలో, సంక్రాంతి రోజున, హిమాలయాల దిగువ కుమావూఁలోని బాగేశ్వర్‌లో వేలమంది కొండవాళ్లు జాతరకు చేరారు. తెల్లదొరల సామాను మోసే కూలీ బేగార్ ఇక చెయ్యమని ఒట్టేసుకుని, ఎవరి వంతు ఎప్పుడో రాసి ఉండే ఊరి రిజిష్టర్లు తెచ్చి సరయూ నదిలో పారేశారు. బద్రీదత్ పాండే వాళ్ల నాయకుడు. చదువుతుంటే నాకెంత సంతోషమేసిందో! కాగితం నీళ్లలో కరగడం కన్నా కమ్మని దృశ్యం, కాగితాలతో బతికే నాకే ఇంకోటి తోచలేదు.

అదే సంవత్సరం నవంబరులో హైదరాబాద్‌లో ఆంధ్ర జనసంఘం పుట్టింది. వివేకవర్ధని థియేటర్లో జరిగిన సభలో తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేశారన్న రోషంతో పుట్టిన సంఘం అది. మాడపాటి హనుమంతరావుగారు దాన్ని నడిపించారు. భాష కోసం పుట్టిన సంఘం కొద్ది రోజుల్లోనే వెట్టి సంగతి పట్టించుకుంది. నాకు నచ్చేది అదే. తెలుగు మీద ప్రేమంటే తెలుగు మాట్లాడేవాడి నెత్తి మీద బరువేముందో కూడా చూడటం కదా! వాళ్లు విన్నపాల దారినే వెళ్లారు. నిజాం సర్కారు కాగితం మీద వెట్టిని నిషేధించింది. ఆ నిషేధపు కాగితాన్ని కూడా ఊరూరికీ మోసుకెళ్లింది బేగరే అయి ఉంటాడని నా అనుమానం.

కాగితంతో కాని పని తర్వాత మనుషులతో అయింది. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభతో కథ మలుపు తిరిగింది. ఊళ్లలో సంఘాలు లేచాయి. చీటీ తీసుకుని సభ్యులయ్యేవారు గనక జనం చీటీల సంఘం అన్నారు. సంఘంలో చేరినవాడు మొదట చేసే పని, దొర కబురంపితే పోకపోవడం. వినడానికి ఎంత చిన్న పని! 40,000 ఎకరాల విసునూరు దేశ్‌ముఖ్ లాంటివాళ్లకు అదే పిడుగైంది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు ప్రాణం పోగొట్టుకోవడం, అయిదేళ్ల సాయుధ పోరాటం... ఇదంతా మీకు తెలిసినదే. ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాలి. 'రాను' అన్న రెండక్షరాల మాట నేర్చుకోవడానికి తెలంగాణాకు అంత నెత్తురు ఖర్చయింది.

నేను సావనీరు వాళ్లతో అనలేకపోయింది కూడా ఆ మాటే. అయితే నేను అనకపోవడానికి కారణం మొహమాటం. మా అవ్వ నాయన అనకపోవడానికి కారణం కొరడా. రెంటినీ ఒకే మాటతో పిలిచినందుకే అవ్వ నవ్వింది.

ఇప్పుడు మా తాతగారి దగ్గరికి రావాలి. మాది కృష్ణా జిల్లా. పెళ్లయ్యాక ఇటు వచ్చాను. చిన్నప్పుడు మా తాతగారింటికి ఒక ముసలాయన వచ్చేవాడు. పొద్దున్నే పెరటి గుమ్మం దగ్గర నిలబడేవాడు. కట్టెలు కొట్టేవాడు, కబురు చెప్పి వచ్చేవాడు, పండగలప్పుడు మామిడాకులు కోసుకొచ్చేవాడు. ఆయన్ని అందరూ 'వెట్టి' అనేవారు. "వెట్టి వచ్చాడేమో చూడవే" అని అమ్మమ్మ నన్నే పంపేది. నేనూ వెళ్లి, "వెట్టీ, అమ్మమ్మ పిలుస్తోంది" అనేదాన్ని. నాకు ఆరేడేళ్లు, ఆయనకు అరవయ్యో డెబ్బయ్యో.

కోస్తా ఊళ్లలో వెట్టి అంటే ఒక కొలువు. కరణం, మునసబుల కింద తలారి, వెట్టి అని గ్రామ నౌకర్లుండేవాళ్లు. కబుర్లు మొయ్యడం, దండోరా వెయ్యడం, శిస్తు వసూళ్లప్పుడు తిరగడం వాళ్ల పని. విచిత్రం ఏమిటంటే, మద్రాసు ప్రభుత్వ కాలంలోనే వాళ్లకి సర్కారు నుంచి నెలకింత అని ఏదో కాస్త ముట్టేది. అంటే చేతిలో జీతం పడుతున్నా పేరు మాత్రం వెట్టే! తెలంగాణాలో దీనికి సరిగ్గా తలకిందులు. అప్పు కింద ఆసామి దగ్గర ఏళ్ల తరబడి కట్టుబడిపోయిన మనిషిని జీతగాడన్నారు. పేరులో జీతం ఉంది, చేతిలో లేదు. ఆ చేసే పని వడ్డీకి సరిపోతుంది, అసలు అలాగే ఉంటుంది, తండ్రి పోతే కొడుకు వస్తాడు. మాటల్ని నమ్మి మనుషుల బతుకులు లెక్కకడితే ఇలాగే బోర్లా పడతాం.

1984 జనవరిలో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం కరణాలు, మునసబుల పదవుల్ని ఒక్క దెబ్బతో రద్దు చేసింది. మా తాతగారు మంచం పట్టినంత పని చేశారని అమ్మ చెబుతుంది. కరణీకం పోయాక కరణంగారి ఇంటికి వెట్టి రావాల్సిన అవసరం లేదు కదా. కానీ నేను చెప్పే ఆరేడేళ్ల వయసు ఆ తర్వాతిదే. ఆయన వస్తూనే ఉన్నాడు. కట్టెలు కొడుతూనే ఉన్నాడు. కరణాన్ని ప్రభుత్వం రద్దు చేసింది గానీ, పెరటి గుమ్మాన్ని ఎవరు రద్దు చేస్తారు? మా తాతగారు చెడ్డమనిషి కాదు. ఇంతకంటే ఆయన్ని వెనకేసుకు రావడానికి నాకు మనసొప్పడం లేదు. పంచాంగంలో విష్టి కరణాన్ని చూసి శుభకార్యాలు వాయిదా వేసుకునే ఇంట్లోనే, కరణంగారికి వెట్టి లేనిదే పొద్దు పొడిచేది కాదు!

చట్టాల విషయానికొస్తే, రాజ్యాంగం 23వ అధికరణలోనే బేగార్‌ని నిషేధించింది. ఇంగ్లీషులో రాసిన రాజ్యాంగంలో పారశీకపు మాట పారశీకంగానే ఉండిపోయింది. దానికి సరిపడే ముక్క ఇంగ్లీషులో దొరకలేదేమో! 1976లో వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ఇంకో అడుగు ముందుకేసి, దేశంలో ఈ దురాచారానికి ఉన్న పేర్లన్నీ అకారాదిగా చేర్చింది. ముప్ఫై దాకా ఉన్నాయి. అందులో మన వెట్టి ఉంది. జీతా ఉంది. భగేలా ఉంది. పాలేరు కూడా ఉంది! మన పాత సినిమాల్లో పాలేరు పాత్ర తలపాగా చుట్టుకుని పాటలు పాడుతుంటే చూసి నవ్వుకున్నవాళ్లం, చట్టం ఆ మాటను ఏ వరసలో నిలబెట్టిందో ఒకసారి చూడాలి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాల్లో పనిచేసిన కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా పెద్ద మాట చెప్పింది. ఆకలికి తట్టుకోలేక కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేస్తే, అది కూడా బలవంతపు చాకిరీయే అంది. కొరడా ఎవరి చేతిలోనూ కనబడకపోయినా, ఆకలి కూడా కొరడాయేనన్నమాట.

మరి ఇష్టపడి చేసే ఉచితపు పని సంగతేమిటి? దానికీ మా దారిలోనే ఒక ఊరుంది. ఇదే విజయవాడ రోడ్డు మీద ఇంకాస్త ముందుకెళ్లి ఎడమకు తిరిగితే భూదాన్ పోచంపల్లి వస్తుంది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం అయ్యాక వినోబా భావే తెలంగాణా ఊళ్లలోకి నడుచుకుంటూ బయల్దేరారు. 18వ తేదీన పోచంపల్లిలో హరిజనులు తమకు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలిస్తానన్నారు. ఆ భూదానం వెనకే శ్రమదానం అన్న మాట కూడా ఊరూరికీ వచ్చింది. భూమి లేనివాడు తన కష్టాన్నే దానం చేస్తాడన్న ఆలోచన. చాలా అందమైన మాట. దానం అనడంతోనే ఇచ్చేవాడి చెయ్యి పైకి లేస్తుంది. కాదనే హక్కున్నవాడు ఇస్తేనే అది దానం. కానీ శ్రమదానం పేరుతో వేసిన ఊరి రోడ్ల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఇస్త్రీ చొక్కాతో పార పట్టుకుని కెమెరా వైపు చూసేవాడు ఒకడు, వెనకాల తట్టతో కనబడీ కనబడనివాళ్లు పదిమంది. ఆ పదిమందిలో ఎంతమంది దానం చేశారో, ఎంతమందిది పాత వెట్టికి కొత్త పేరో ఫొటో చెప్పదు.

ఇంతవరకూ వచ్చాక మీరు అడగబోయేది నాకు తెలుసు. 'మరి మన సంగతో?' అనే కదా!

ఇల్లాలి పనికి తెలుగులో పేరే లేదు. "మీ ఆవిడేం చేస్తుందండీ?" అంటే "ఏమీ లేదు, ఇంట్లోనే ఉంటుంది" అంటారు. ఆ 'ఏమీ లేదు' ఎంతో జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు 2019లో దేశమంతా తిరిగి కొలిచారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి వెచ్చించేది రోజుకు సగటున 299 నిమిషాలు. ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లు 97 నిమిషాలు. మావారికి ఈ అంకె చదివి వినిపిస్తే, "97 నిమిషాలు చేసేవాళ్లున్నారా!" అని నిజంగానే ఆశ్చర్యపోయారు. 2021 జనవరిలో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఇల్లాలి పనికి కూడా ఆదాయం లెక్కకట్టాల్సిందేనని చెబుతూ ఈ అంకెల్నే ప్రస్తావించింది. ఆ మాటలు రాసిన న్యాయమూర్తి మన కృష్ణా జిల్లావారే, ఎన్వీ రమణగారు. అయితే చూశారూ, ఇల్లాలి శ్రమకు లెక్కకట్టింది ఆవిడ పోయిన తర్వాత! బతికుండగా ఆ బిల్లు ఎవరికివ్వాలో ఏ కోర్టూ చెప్పలేదు.

అది వెట్టేనా? అవ్వ అడిగిన ప్రశ్నే వేసుకోవాలి. కాదంటే ఏమవుతుంది? కొందరి ఇళ్లలో ఏమీ కాదు, హోటల్ నుంచి ఇడ్లీ వస్తుంది. కొందరి ఇళ్లలో కాదంటే ఏమవుతుందో పక్క వాటా వాళ్లకి గోడలోంచి వినబడుతుంది. పని ఒకటే, అంట్లు అవే. కాబట్టి అన్ని ఇళ్లకీ కలిపి ఒకే మాట నేను చెప్పలేను. నా మటుకు నేను అంట్లు తోముతూ ఆ మాట అనడం మానేశాను.

ఆ మర్నాడు అవ్వ దగ్గరికెళ్లి, "మీ నాయన పేరేమిటవ్వా?" అనడిగాను. అవ్వ నా వంక అదోలా చూసి పేరు చెప్పింది. ఎన్నాళ్లయిందో ఆ పేరు పైకి అని! ఇంకోసారి అంది, ఈసారి కొంచెం గట్టిగా, బండి దగ్గరున్న మనవడికి వినబడేలా. వాడు ఫోన్ చూసుకుంటున్నవాడు తలెత్తి, "తాత పేరు అదా?" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. తాతగారింటికి వచ్చేవాడే, ఆ వెట్టి, ఆయన అసలు పేరేమిటని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆయన ఎర్ర తుండు గుర్తుంది. గొడ్డలి మీద నీళ్లు చల్లి నూరుకోవడం గుర్తుంది. అమ్మ పెళ్లికి పందిరి గుంజలు పాతింది ఆయనేనట, వానలో ఒక్కడే నిలబడి. నేను పుట్టానన్న కబురు తాతగారికి మోసుకొచ్చింది కూడా ఆయనే, ఎనిమిది మైళ్లు నడిచి.

"పేరు మాత్రం... వెట్టి అనేవాళ్లమే. ఉండు, మీ పెద్దమ్మనడిగి చెబుతాను" అంది.

పదిహేను రోజులైంది. పెద్దమ్మకీ గుర్తు రాలేదట. ఊళ్లో ఎవరినో కనుక్కుంటున్నారు.